తమ్ముని తలవాకిలి

నల్లమాడ పక్కన ఒక పల్లె. ఇండ్ల వెనకాలే నల్లబండల వరస. కాలేజీ నుంచి రాళ్ల పరీక్షకు వచ్చిన జ్యోతి అక్కడ చిన్న మిషనుతో రాతికి రంధ్రం వేసుకుంటోంది. రామదాసు పొద్దున్నే దేవునికి దీపం పెట్టి, జేబులో కంపాసు వేసుకుని వచ్చి, అరగంటగా ఆ పిల్లను విడవడం లేదు.

“ఈశాన్యమూ ఆగ్నేయమూ నాకొద్దు పాపా. మా తమ్ముని తలవాకిలి యాపక్క చూస్తాందో, నాదీ ఆపక్కే చూడాల. అంతే.”

“పెద్దాయనా, నేను రాళ్లు చూసేదాన్ని. వాకిండ్లు చూసేదాన్ని కాదు.”

“నీ చేతిలో ఉండేదీ కంపాసే గదా?”

“ఔను గానీ...”

“మళ్ల ఏం? అదో, ఆ పచ్చరంగు ఇల్లు మా ఎర్రిసామిది. దాని పక్కదే నాది. మధ్యాన్నం మేస్త్రీ వస్తాడు, గోడ పగలగొట్టాల. అంతలోపల నువ్వు కొలత చెప్పు.”

“బాగుండే గోడ ఎందుకు పగలగొట్టేది?”

“బాగుంటే వానికి నూటెనభై అడుగులకే నీళ్లు పడి, నాకు మూడు బోర్లూ దుమ్ము కక్కుతాయా? ఒకే చేను, నడిమికి గెనుమేసి పంచుకున్నాం. వాని మల్బరీ చూడు, కండ్లకు కొడతాంది. నా చెనిక్కాయ చూడు. వద్దులే, చూడొద్దు.”

“తమ్ముడే గదా పెద్దాయనా, ఓర్చుకోలేక పోతాండారా?”

“ఓర్చుకోలేక కాదు.”

“మళ్ల?”

“ఓర్చుకోలేక కాదంటాండా గదా! శనివారం ఒక్కపొద్దు ఉండేది నేను. కదిరి సామి గుడికి నడిచి పోయేది నేను. వాడు దేవునికి దండం పెట్టేది కూడా నడస్తానే, చెప్పులు ఇడవకుండా. మళ్ల దేవుడు వాని పక్కే ఎందుకు చూసినాడు? అడగకూడదా?”

“అడగండి. కంపాసును మాత్రం ఈడ అడగొద్దండి. మీది తీసి ఆ పగులు బండ మింద పెట్టండి.”

“పెట్టినా.”

“రెండడుగులు ఇట్ల జరపండి.”

“ముల్లు తిరిగింది.”

“ఇంకొక్క అడుగు.”

“మళ్లా తిరిగింది.”

“ఏం పెద్దాయనా, చూసినోళ్లందరూ నోరు తెరుస్తారు. మీకు వింతగా లేదా?”

“ఆ... ఉండాది, ఉండాది. ఎందుకట్ల తిరుగుతాది?”

“ఈ రాయి రెండు వందల కోట్ల ఏండ్ల కింద కరిగి, బెల్లంపాకం మాదిరి ఉండె. లోపల ఇనుము కలిసిన రవ్వలుంటాయి. అది చల్లారేటప్పుడు, భూమి అయస్కాంతం యాపక్క ఉంటే రవ్వలకు ఆపక్క గుణం పట్టుకుంది. ఆనాటి ఉత్తరం ఇప్పటికీ రాతిలో అట్లే ఉండాది. అది చూడనీకే నేను వచ్చింది.”

“అట్లయితే బండంతా ఒకే పక్క లాగాల గదా?”

“బలే అడిగినారు. ఈ పగులు బండ మింద ఎప్పుడో పిడుగు పడింది. పిడుగు కరెంటు ఆ పాత గుణాన్ని చెరిపి, అడుక్కొక తీరు కొత్తది పెట్టి పోయింది. అందుకే దీన్ని ఒదిలేసి పక్క బండ తీస్తాండా. దిక్కు కావాలంటే ఎండలో పుల్ల పాతి నీడ చూసుకుంటా.”

“నీడతోనే చూడు. నీడ అబద్ధం చెప్పదు గదా?”

“చెప్పదు. ఉండండి... పుల్ల నీడకూ మీ ఇంటి గోడకూ లెక్క చూస్తే, మీ వాకిలి సరిగ్గా తూర్పుకే ఉండాది.”

“మా తమ్మునిది?”

“అది... బాగా వంకర. తూర్పు నుంచి ఆగ్నేయం పక్కకు ఇరవై డిగ్రీలు పోయింది.”

“ఇరవయ్యా? సరే, నాదీ ఇరవై తిప్పు.”

“పెద్దాయనా! ఎవురో తెలీక ఈ బండ మింద కంపాసు పెట్టి పునాదికి ముగ్గు పోసినారు. వాళ్ల తప్పును చూసి, సరిగ్గుండేదాన్ని మీరు పగలగొట్టుకుంటారా?”

“తెలీక కాదు.”

“తెలీకనే. ఈ ముల్లు...”

“ముల్లు తిరుగుతాదని తెలుసు పాపా. గొర్రెలు కాసేటప్పట్నుంచీ తెలుసు.”

“ఎవురికి?”

“నాకు. ఆ ముగ్గు పోసింది నేనే. నాయన పోయినంక వాడు ఇల్లు మొదలుపెట్టె. నాదానికంటే రెండంకణాలు పెద్దది. ‘దిక్కు చూడన్నా’ అని నా చేతికే ఇచ్చె. ఈ బండ మిందే పెట్టి చూసినా.”

“అంటే... కావాలనేనా?”

“వాడు చెడిపోవాల అని పోసినా. వాడేమో బాగుపడె. తిన్నగా కట్టుకున్న నేను ఎండిపోతి. ఇప్పుడు చెప్పు, దేవుడు యాపక్క ఉండాడు?”

“మెల్లగా పెద్దాయనా. ఎవురో వస్తాండారు.”

“ఏమన్నా, నువ్వూ ఈడే ఉండావా? పాపా, నీ మిషనుకు నీళ్లు. రెండు బిందెలు తెచ్చినా. చాలకుంటే కేకెయ్, బోరు ఆడతానే ఉండాది.”

“ఎర్రిసామీ... యాడి నుంచి వింటివిరా?”

“వినేకి ఏముందిన్నా. పదకొండేండ్ల నుంచి ఆ ఇంట్లోనే ఉండా గదా.”

“తెలుసా నీకు?”

“ఉగాది ముందర గదా పునాది తవ్వింది? ఆ దినాల్లో పొద్దు సరిగ్గా తూర్పునే పుడతాది. పొద్దు యాడ పుడతాందో, నీ ముగ్గు యాపక్క పోతాందో, నాకు కండ్లు లేవా?”

“మళ్ల ఎందుకురా అట్లే కట్టుకుంటివి? తుడిపేసి ఇంకోసారి పోపించుకోకూడదా?”

“మేస్త్రీ అదే అనె, తుడిపేద్దామని. తుడిపితే ఎందుకు తుడిపినారని ఊరంతా అడగతారు గదన్నా. నువ్వు చేసింది బయటపడతాదని, నేనే వద్దంటి.”