సుభద్ర నెత్తుట్లో మందు

బైటోడెవడో ఫోన్లోకి దూరి మా సుభద్రని సంపీసేడని రాసీకండి డాక్టరమ్మా. అలాగ రాసుకుంటే మీ ఆస్పత్రికీ సుఖమే, మాకూ సుఖమే. కానీ అది నిజం కాదు కదా.

కంటికి కనబడని మిషన్లట, మీరే కదా సుగరుకని దాని నెత్తుట్లోకి ఎక్కించేరు. ఫోన్లో నొక్కితే లోపల ఇన్సులిన్ వదుల్తాయి. వదిలింది మరి ఎనక్కి రాదనీ సెప్పేరు, ఒప్పుకుంటన్నాను. కోడు ఎవులికీ ఇవ్వొద్దన్నారు. నేను ఇవ్వకుండా ఉండే మనిషినేటమ్మా? పొందూరు మొత్తానికి అలాటిది మా ఇంట్లోనే ఉన్నాది. టీకొట్టు కాడ కూకుని, మా ఆవిడ సుగరు సూడండ్రా అని అందరికీ సూపించీవోణ్ణి.

నేను పొలానికెళ్తే ఎవులో ఒకలు సూసుకోవాలని మా వదిన లక్ష్మణమ్మ ఫోన్లోనూ, మేనకోడలు యమున ఫోన్లోనూ ఎక్కించేను. అందరికీ ఒకటే కోడు. ఎవులు నొక్కినా నా పేరే పడతాది.

యమున గృహప్రవేశం నాడు, బంతిలో సుభద్ర వద్దొద్దని ఆకు మీద సెయ్యి అడ్డం పెట్టింది. మా వైపు సెయ్యి అడ్డం పెడితే ఆగుతారేటి? యేళ్ల సందుల్లోంచి పరమాన్నం వడ్డించీసింది వాళ్లక్క, మా వదిన. "తినే, నేను సూసుకుంటాను" అని ఫోన్లో ఓపాలి నొక్కింది. అది తెలీక, అత్త నా ఇంట్లో తీపి తినాలని వంటింట్లోంచి యమునా నొక్కింది. ముందు ఎవులైనా నొక్కేరో లేదో ఫోన్లోనే కనబడతాది. బంతి వేళ అది సూసీ తీరికెవులికమ్మా?

సేతులు కడుక్కుంటా తూలిపోయింది. పంచదార నోట్లో పోస్తే మింగలేకపోయింది. మీ గుమ్మం దాకా తెచ్చీసరికే సల్లబడిపోయింది.

ఇప్పుడు సుట్టాలంతా యమునే సంపీసిందంటన్నారు, ఆఖర్న నొక్కింది తనేనని. ఆ పిల్ల కొత్తింట్లో పొయ్యి ఎలిగించడం మానీసింది.

మీ కాయితంలో మూడుసార్లు నొక్కినట్టు ఉన్నాది కదా. వదినదీ యమునదీ పోతే మిగిలిన ఆ మొదటిది ఏ దొంగోడిదో అని కదా మీ అనుమానం?

అది నాదమ్మా. బంతికి ముందే పందిట్లో నిలబడి నొక్కీసేను. ఈ ఒక్కరోజూ కడుపునిండా తింటాదని. ఆ మాట దానికి సెప్పాలనే దగ్గరికెళ్లేను. అంతమంది ఆడాళ్ల మధ్యన పెళ్లాంతో అలాగ మాటాడ్డానికి సిగ్గేసి, ఎనక్కొచ్చీసేను.

నా పేరు రాసుకోండి. లక్ష్ముడు.