మూడో నంబరు కుంటలో చేపపిల్లలు ఎటు పోయాయంటే

సభకు పెద్దగా కూర్చున్న మత్స్య సహకార సంఘం అధ్యక్షులు రాజనర్సు గారికి, బోధన్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే స్నేహలత గారికి, సంఘం సభ్యులకు, ముందు వరుసలో ఉన్న వాజిదా గారికి, ఆమె పక్కన దండ బరువుకు మెడ సర్దుకుంటున్న ఆమె భర్త, ఇవాళ్టి పెళ్లికొడుకు జాఫర్ భాయ్‌కి నమస్కారం. (నవ్వులు)

మన చేపపిల్లల కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు కుంటలు చూసుకుని ఇవాళ రిటైరవుతున్న జాఫర్ భాయ్ గురించి, కేంద్రం అధికారిగా నాలుగు మంచి మాటలు చెప్పమని నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. రాజనర్సు గారూ, కాసేపు గడియారం చూడకండి, నేను చెప్పాల్సింది వేరే ఉంది.

పోయిన వానాకాలం, కనురెప్ప వెంట్రుకంత పిల్లల్ని గిన్నెతో కొలిచి నాలుగు లక్షలు మూడో నంబరు కుంటలో వదిలాం. మూడు వారాలకు వల లాగితే, లక్షకు తగ్గవనుకున్న చోట పదివేలు రాలేదు. కుంట గేటు తాళం జాఫర్ భాయ్ దగ్గరే ఉండేది. పిల్లల కోసం భీమ్‌గల్ దాకా ఉన్న సంఘాల వాళ్లంతా గట్టు మీద నిలబడి ఉండగా, ఎవరికి అమ్ముకున్నావని ఆయన్ని అడిగేశాను. ఆయన వల మడిచిపెట్టి ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాత వాజిదా గారు చుట్టిన బీడీలు ఇవ్వడానికి బజారుకు వెళ్లడం మానేసి, కూతురు ఉమైమాను పంపారని విన్నాను.

పది రోజులకు ఆయన నా బల్ల మీద ఒక గాజు సీసా పెట్టాడు. మూడో కుంట నీళ్లు. అందులో రూపాయి బిళ్లంత జీవులు, నీళ్లలో నీళ్లలా, గొడుగు తెరిచి మూసినట్టు కదులుతున్నాయి. పొద్దున ఇరవై పిల్లల్ని వేశానని, ఇప్పుడు లెక్కపెట్టమని అన్నాడు. ఏడే ఉన్నాయి. నేను చూస్తుండగానే ఇంకో పిల్ల ఆ జీవుల దారాల్లాంటి కాళ్లకు తగిలి కొయ్యబారింది. స్నేహలత గారు చూసి మంచినీటి జెల్లీఫిష్ అన్నారు. సముద్రం మొహం చూడని మన ఊళ్లో ఈ చుట్టం ఎలా దిగిందని అడిగితే, కాలువ నీళ్లతోనో నాచుతోనో వచ్చి ఉంటుందన్నారు. (నవ్వులు)

ఆ రోజే తప్పయిందని చెప్పాల్సింది. సున్నం బస్తాల గురించి మాట్లాడి ఊరుకున్నాను.

కుంట ఎండగట్టి, సున్నం చల్లి, గుడ్డతో వడగట్టిన నీళ్లు నింపాం. ఈ ఏడాది లక్షా అరవై వేలు వచ్చాయి. వల బరువెక్కుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ధైర్యంతోనే ఆయన్ని గదిలోకి పిలిచి, క్షమించమన్నాను. ఆయన చాయ్ పూర్తిగా తాగి అన్నాడు:

"నాకొక్కనికి చెప్తె ఏమొస్తది సార్? గట్టు మీద అందరి ముందట అడిగిండ్రు. గట్లనే అందరి ముందట చెప్పుండ్రి."



ఆనాడు గట్టు మీద ఉన్నవాళ్లందరికీ నేనే ఫోన్ చేశాను. అందరూ వచ్చారు. వినండి. జాఫర్ భాయ్ ఒక్క పిల్లను కూడా అమ్ముకోలేదు. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నది నేను. ఏడాదిగా చెప్పలేకపోయిన మాట ఇవాళ బయటికొచ్చింది, హాయిగా ఉంది.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. వాజిదా గారూ, మీరు నాతో మాట్లాడకపోయినా పరవాలేదు. బజారులో ఎవరైనా ఏమైనా అంటే మాత్రం, పోయి మా అధికారిని అడగండి అని నా పేరు చెప్పండి. సెలవు.