కొత్తగూడ గుట్టల సంపాదన

"ఏం సంపాదిస్తవ్ అని అడిగినవ్ గదా ఎల్లేశం బావా, మంచిగ అడిగినవ్. పిల్లనిచ్చెటోడు అడగాలె. అడగకుంటె నేనే బాధపడుదును. జర ఆ చాయ్ తాగు, సల్లారుతది. నా సంపాదన ఒక్క మాటల చెప్పెటిది గాదు."

లింగంపల్లి స్టేషన్ బయట, బుచ్చమ్మ చాయ్ దుకాణం ముందరి బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు వీరేశం. ఎదురుగా కొత్తగూడ ఎల్లేశం. గుట్టల మీది తేనె తీయడం ఎల్లేశం ఇంటి పని, తాతల నాటి నుంచీ అదే పని. అతని చెల్లెలు భూలక్ష్మిని చేసుకుంటానని వీరేశం బుచ్చమ్మ చేత కబురు పంపించాడు. దాని సంగతి తేల్చుకు పోదామని అన్న ఇవాళ స్వయంగా వచ్చాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి తల్లికి అవుననో కాదనో చెప్పాలి.

"ఇంక బావను గాలే," అన్నాడు ఎల్లేశం.

"అయితవ్, తొందరేమున్నది. ఇగ విను. లోకం ఏమనుకుంటది? వీరేశం స్టేషన్ల మూటలు మోస్తడు, గంతే అనుకుంటది. మూటలు మోసుడు నా సరదా. ఒళ్లు తిమ్మిరెక్కకుండ మోస్త. నా అసలు సంపాదన గుట్టలల్ల ఉన్నది. మీ కొత్తగూడ కాడికెల్లి బోరబండ దాక ఆ బండలు, ఆ ముండ్ల పొదలు, లోపలికి పోతె మన చెయ్యి మనకు కనవడని ఆ చీకటి గుహలు, అవన్ని మందికి భయం, నాకు బ్యాంకు. మొదట్ల నేను మేకలు తీసెటోన్ని."

"మేకల్ని తియ్యడవేవిటయ్యా?" అన్నాడు సోమేశ్వరరావు. ఆయన పార్సిల్ ఆఫీసు గుమాస్తా, గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. గూడ్సు బండి లేటని తెలిసి ఓ గ్లాసు చాయ్ పుచ్చుకుని బల్ల చివర చేరాడు.

"బండల సందుల ఇరుకుతయ్ సార్. పచ్చని ఆకు కనవడితె లోపలికి పోతయ్, ఎనకకు రానీకె రాదు, ఇగ అరుస్తయ్. మేకలోళ్లు లోపలికి పోరు, పాములుంటయని. నేను పోత. కాళ్లు పట్టి గుంజితె రాదు సార్, అది తెల్వని పని. చెవిల ఊదాలె. చెవిల ఊదంగనె మేక ఒళ్లు ముడుచుకుంటది, గప్పుడు కొమ్ములు పక్కకు తిప్పి నిమ్మలంగ ఎనకకు నూకాలె. తీసినందుకు ఎవని తోచింది వాడు ఇచ్చెటోడు, పైసలో పాలో."

ఎల్లేశం తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి వీరేశం బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిగాడు.

"ఒకనాడు బర్రె ఇరికింది."

"బర్రె సందుల ఎట్ల పడతదిరా?" అంది బుచ్చమ్మ, పొయ్యి ఎగేస్తూ.

"పట్టదు, అందుకే ఇరికింది అక్కా. మాదాపూర్ మొత్తం వచ్చి నిలవడ్డది. ఎడ్లను కట్టి గుంజిండ్రు, ఎడ్లు పడ్డయ్. నన్ను పిలిచిండ్రు. నేను ఏం తొందరపడలే, తమాకు నోట్లేసుకున్న, పోయిన, చెవిల ఊదిన. మేకకు ఊదె అలవాటు గదా, బర్రె అనెటప్పటికి జర గట్టిగ ఊదిన. బర్రె సందులకెల్లి లేచి పోయి బండ మీద పడ్డది. ఇయ్యాల్టికి ఆ బండ మీద గిట్టల అచ్చులున్నయ్, కావాలంటె పోయి చూసుకోర్రి. సరే, బర్రె పోయింది, బర్రె ఉన్న జాగల గుహ కనవడ్డది. లోపలికి పోయిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"నువ్వు చెప్తే తెలుస్తుంది," అన్నాడు సోమేశ్వరరావు.

"చీకటి. ఏమన్న చీకటా సార్, కండ్లు మూసుకుంటెనె నయమనిపించింది. చెయ్యి పెట్టి తడుముతున్న, మెత్తగ చెవి దొరికింది. మేకనే అనుకున్న. చెవి దొరికినంక ఊకుంటనా, ఊదిన. చూద్దునుగద, అది చిరుత."

"అయ్యో," అన్నాడు సోమేశ్వరరావు.

"అయ్యో అది అనుకోవాలె సార్, నేను గాదు. అది పుట్టినంక దాని చెవిల ఎవ్వడు ఊదలే. ఒళ్లంత ముడుచుకుని నా కాళ్ల కాడ కూసున్నది. ఇగ నేను ఏడికి పోతె ఆడికే. తిండి ఎవడు పెట్టాలె, పరేషాన్. ఆలోచన చేసిన. పల్లికాయ చేన్లల్ల అడివిపందులు పడి నాశనం చేస్తుండె గదా, చిరుతను కావలికి కిరాయికిచ్చిన. ఒక చేనుకు ఇన్ని పల్లికాయలని బేరం. పందులు బోరబండ దాటి పోయినయ్. రైతులు నా ఇంటి ముందల నిలవడుడు మొదలైంది, మాకియ్యి మాకియ్యి అని. చిరుత మంచిగ పని చేసేది, దానిది ఒక్కటే ఐబు, ఒక్కటే లోపం, పీర్ల పండుగకు సెలవు కావాలన్నది."

"చిరుతకు పీర్ల పండుగ ఏంది?" ఎల్లేశం మొదటిసారి అడ్డుపడి అడిగాడు.

"పులి వేషాలు ఏస్తరు గదా బావా, అది చూడాలని. సరే పొమ్మన్న. పోయినది చూసి రావాలె గదా, ఆటల దిగింది. డప్పు కొడుతుండ్రు, ఎగురుతున్నది, జనం ఒక్కటె చప్పట్లు. ఆఖరికి రెండో బహుమతి ఇచ్చిండ్రు. మొదటిది బోరబండ వేషగానికి ఇచ్చిండ్రు. దీని నడక పులి నడక లెక్క లేదన్నరట. అది మనసుకు పట్టిచ్చుకున్నది పాపం. అడివికి పోయింది, మల్ల రాలే."

సోమేశ్వరరావు చాయ్ పొలమారి దగ్గాడు. బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం మాత్రం నవ్వలేదు, ఇంకేమున్నదో చెప్పమన్నట్టు చూశాడు.

"ఇగ గుహ ఖాళీ అయింది. జాగను ఊకె ఎందుకు పెట్టుకోవాలె? కిరాయికిచ్చిన."

"ఎవరికి?" అంది బుచ్చమ్మ.

"దయ్యానికి."

"థూ, నీ నోరు పాడుగాను."

"విను అక్కా. జాగీర్దారు దయ్యం, షేర్వాణీ ఏసుకుని వచ్చింది, మంచి ఖాందాన్. బంగారం బిందె సంకల పెట్టుకుని తిరుగుతున్నది, పెట్టుకునెతందుకు జాగ లేదు. 'మియా, జర చూడు, తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయ్' అన్నది. దయ్యానికి కాళ్లేడియని నేను అడగలే, కిరాయిదారును బాధపెట్టొద్దు. బంగారం ముట్టచెప్తె ఉండుమన్న. నాలుగు దినాలు మంచిగ ఇచ్చింది, ఇగ గులుగుడు మొదలువెట్టింది, గాలి వస్తలేదు, గబ్బిలాలు నిద్ర పోనిస్తలేవు అని. ఇంకో దయ్యం వచ్చి నేను ఎక్కువిస్తనన్నది. రెండు దయ్యాలు నా ముందల కొట్లాడినయ్, నేనే నడుమ పోయి ఇడిపిచ్చిన."

"ఆ బంగారవంతా ఏదయ్యా మరి?" అన్నాడు సోమేశ్వరరావు. "రోజూ నా పార్సిళ్లు మోస్తావు, చొక్కాకి గుండీలు లేవు."

"మొన్నటి కరువుల పంచిన సార్. గంజి లేక మంది ఏడుస్తుంటె బిందె ఒళ్లె పెట్టుకుని కూసుంటనా? నా గుణం అట్లాంటిది. అదే నా నష్టం."

"భూలక్ష్మిని ఆ గుహల కాపురం పెడతవా, దయ్యం పక్కన?" బుచ్చమ్మ ఈసారి నిజంగానే అడిగింది. సంబంధం ఆమె చేతుల మీదుగా వచ్చింది కాబట్టి తేడా వస్తే ఆమెకూ మాట పోతుంది.

"ఖాళీ చేయించిన అక్కా. పెండ్లి మాట రాంగనె పోయి చెప్పిన, ఇగ మా ఆడామె వస్తది, మీరు వేరే జాగ చూసుకోండ్రి అని. భూలక్ష్మికి స్టేషన్ ఎనక రేకుల ఇల్లు చూసిన. గోడకు సున్నం నా చేతులతోటి నేనే ఏసిన. వాకిట్ల మల్లె తీగ పెట్టిన." ఆ మాట చెబుతున్నప్పుడు వీరేశం గొంతు తగ్గింది. వెంటనే గొంతు సవరించుకుని ఎల్లేశం వైపు తిరిగాడు. "ఇప్పటిదాక చెప్పినయన్ని చిల్లర పనులు బావా. అసలు సంపాదన ఇగ చెప్త. అది మీ ఇంటి పని, నీ ముందల చెప్పెతందుకు నాకే సిగ్గయితది. తేనె."

ఎల్లేశం గ్లాసు కింద పెట్టాడు.

"అదే కరువుల. దుర్గం చెరువు పక్కన నిలువు బండ ఉన్నది గదా, మీరు దాని జోలికి పోరు, నాకెరుకే. దానికి ఒక తేనెతుట్టె. ఎంతున్నది అనుకున్నవ్? గూడ్సు డబ్బ అంత. సూర్యుడు దాని ఎనక పోతె మాదాపూర్ల దీపాలు పెట్టుకునెటోళ్లు. బండ ఎక్కిన, నడుముకు తాడు కట్టుకున్న, దిగిన. కింద చూస్తె చెరువు రూపాయి బిళ్లంత కనవడుతున్నది. ఫికర్ లేదు. తేనీగలు నన్ను చూసినయ్. 'వీరేశం వచ్చిండు, జరుగుర్రి' అన్నయ్. ఒక్కటి కుట్టలే. కొడవలి ఏసిన, తుట్టె తెగింది. తెగింది గని కింద పడతదా? ఈగలు వాటి ఇల్లు అవి ఇడుస్తయా? అన్ని కలిసి పట్టుకుని లేచినయ్. నేను ఎగిరి తుట్టె మీద కూసున్న. మీ కొత్తగూడ మీదికెల్లే పోయినం బావా, మీ ఇంటి కప్పు చూసిన, భూలక్ష్మి వాకిట్ల జొన్నలు చెరుగుతున్నది. చెయ్యి ఊపిన, ఆమె పైకి చూడలే. సీదా వచ్చి ఈ స్టేషన్ల దిగినం. గార్డు మనకు పచ్చ జెండ ఊపిండు. ఏడు డబ్బాలు నిండినయ్, మిగిలిన తేనె పట్టాల మీద పారింది, బండి చక్రాలు అతుక్కుని మూడు దినాలు కదలలే. చుట్టూత పది ఊర్లు రొట్టె ముంచుకుని తిన్నయ్. కరువును దాటిచ్చింది ఎవరనుకున్నవ్? సర్కారు అనుకుంటున్నరు మంది. ఇగ చెప్పు బావా, నీ చెల్లెను సాకలేనా నేను?"

సోమేశ్వరరావు పడీ పడీ నవ్వాడు. "చక్రాలు అతుక్కున్న సంగతి మా ఆఫీసులో ఒక్కడికీ తెలీదయ్యా."

"మీరు గప్పటికి బదిలీ మీద రాలే సార్."

ఎల్లేశం తువాల తీసి మెడ మీద వేసుకున్నాడు. "ఒక్కటి అడుగుత. తాడు ఎవరు పట్టిండ్రు?"

"తాడా?"

"నడుముకు కట్టుకుని దిగిన అన్నవ్ గదా. పైన ఎవరో పట్టాలె."

"పట్టిండ్రు మరి. పహిల్వాన్లను పిలిపిచ్చిన, బోరబండ పహిల్వాన్లను. ఒక్కొక్కని మెడ ఇగో ఈ పొయ్యి అంత ఉంటది. నా పాణం ఎవనికి పడితె వానికి ఇస్తనా?"

"పహిల్వాన్లు."

"పహిల్వాన్లే బావా. నలుగురు."

ఎల్లేశం నెమ్మదిగా చెప్పాడు. "మా దాంట్ల తేనెకు ఎవ్వడు దిగినా, తాడు పట్టెటోడు వాని పెండ్లాం తోడబుట్టినోడే. ఇంకొకని చేతికియ్యం. బలం చూసి ఇచ్చెటిది గాదు అది. మీదికి ఈగలు లేస్తయ్, పైనున్నోన్ని గూడ కుడతయ్, మొఖం మీద, కండ్ల మీద కుడతయ్. పహిల్వాన్ అయినా ఇడుస్తడు. పెండ్లాం అన్నదమ్ముడు ఇడవడు. ఇడిస్తె పోయేది తన అక్కచెల్లె బొట్టు. మా నాయినకు మా మేనమామ పట్టిండు. నాకు నా పెండ్లాం తమ్ముడు మొగిలి పడతడు. మొన్న వాని కన్ను వాచి మూసుకపోయింది, తాడు మాత్రం ఇడవలే. పెండ్లి గానోడు మా గుట్టల మీద తేనెకు దిగడు, వానికి పట్టెటోడు ఉండడు. నీకు పెండ్లి గాలే. పిల్లను అడగబట్టే నేను ఈడికి వచ్చిన. చిరుత సంగతి, దయ్యం సంగతి నాకు తెల్వది వీరేశం. తాడు మీద మాత్రం నువ్వు ఎన్నడు దిగలే."

ఎవ్వరూ నవ్వలేదు. పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడ్డాయి, బుచ్చమ్మ గిన్నె దించింది. వీరేశం బల్ల మీద కాలు మీద వేసిన కాలు దించాడు. తన చేతులు చూసుకుంటూ అన్నాడు, "అమ్మ నాయిన చిన్నప్పుడే పోయిండ్రు. అన్నదమ్ములు లేరు. నాకు పట్టెటోళ్లు ఎవరున్నరు. పహిల్వాన్లని కాక ఇంకేమని చెప్పాలె."

ఎల్లేశం లేచి నిలబడ్డాడు. "నేను పడత."

వీరేశం తలెత్తాడు. ఆ మాట లోపలికి దిగడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. దిగాక మళ్లీ ఛాతీ లేచింది. "పడతవా? ఇగ చూడు బావా, నువ్వు పట్టినంక నాకు నిలువు బండ ఒక లెక్కనా? రేపు పొద్దుగాలనె దిగుత. ఇంతకంటె పెద్ద తుట్టె—"

"దిగవ్," అన్నాడు ఎల్లేశం. "ఎన్నడు దిగనని ఈడ్నే, బుచ్చమ్మ ముందల ఒట్టెయ్యి. గప్పుడే మా అమ్మకు అవునని చెప్త. మా భూలక్ష్మికి మొగడు ఇంట్ల గావాలె, బండ కింద గాదు."