గీత దగ్గర ‘ఎ’ పెట్టాలా, ‘ఎస్’ పెట్టాలా

నా గొప్ప నేనే చెప్పుకుంటాను. కొందరు దీన్ని జబ్బంటారు, నేను బాధ్యత అంటాను. ఇంకెవరూ చెప్పడం లేదు మరి, ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

ఆ సాయంత్రం టీకొట్టు బెంచీ మీద డ్రిల్లు మాస్టారు కూర్చున్నారు. మర్నాడే పరుగు పందెం ఫైనల్. టీకొట్టు అక్క కూతురు అందులో పరిగెడుతోంది, గెలిస్తే ఆటల కాలేజీలో సీటు. ఎవరు ముందొచ్చారో తేల్చే ఫోటో కోసం, పందెం ముగిసే గీత దగ్గర కెమెరా ఎవరు పట్టుకోవాలో మాస్టారు ఇంకా తేల్చలేదు. ఆ పని నాకు కావాలి. అందుకని పక్కనున్న టైలర్ బావతో చెబుతున్నట్టుగా, మాస్టారికి వినబడేలా మొదలుపెట్టాను.

"చూడు బావా, కెమెరా నెత్తిన ఒక చక్రం ఉంటుంది. ‘ఎ’ మీద పెడితే అపర్చర్, అంటే లెన్సు కన్ను ఎంత తెరవాలో మనిష్టం, షట్టర్ వేగం అది చూసుకుంటుంది. ‘ఎస్’ మీద పెడితే వేగం మనిష్టం, కన్ను సంగతి అది చూసుకుంటుంది. ఏది ఎప్పుడు పెట్టాలో తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. వాడి గురించి చెప్పడం నాకు మొహమాటం."

"నువ్వేలే, కానియ్," అన్నాడు బావ.

"మొన్నో పెళ్ళిలో ‘ఎ’ పెట్టి కన్ను కాస్త తెరిచాను. పెళ్ళికూతురు స్పష్టం, వెనక జనం మసక. మామూలే. ఇంకాస్త తెరిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకాల నిలబడ్డ మేనమామ మసకైపోయాడు. ఫోటోలో కాదు బావా, మనిషే! మూడు రోజులు వాళ్ళావిడ పోల్చుకోలేదు. ‘మా ఆయన ఇంట్లో లేరు, తర్వాత రండి’ అని గుమ్మంలోంచే పంపించేసింది. చివరికి నేనే వెళ్ళి, కన్ను బాగా మూసి ఇంకో ఫోటో తీస్తే మనిషికి అంచులు తిరిగొచ్చాయి."

"మీసం కూడా వచ్చిందా?"

"ముందు లేనిది కూడా వచ్చింది!"

"మరి ‘ఎస్’ సంగతో?" అన్నారు మాస్టారు. ఆయన నోరు విప్పారు! ఇక నన్ను పట్టేవాళ్ళెవరు?

"అది ప్రమాదం మాస్టారూ. సెకనులో వెయ్యోవంతు పెట్టి ఫ్యాను తీస్తే రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. నాలుగువేలోవంతు పెట్టి కుళాయి తీశాను, చుక్క గాల్లో ఆగిపోయింది, మా ఆవిడ చేత్తో తీసి గిన్నెలో వేసుకుంది. ఎనిమిదివేలు పెట్టి ఒక హైజంప్ ఆటగాణ్ణి తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కర్ర మీద అలాగే ఉండిపోయాడు! పెళ్ళాం నిచ్చెనెక్కి భోజనం పెట్టింది, పోస్టుమాన్ ఉత్తరాలు పైకి విసిరాడు. మర్నాడు షట్టర్ నెమ్మది చేసి నేను మళ్ళీ నొక్కితేగానీ దిగలేదు. దిగాక చూస్తే వాడి గెడ్డం ఒక్క వెంట్రుక పెరగలేదు!"

అక్క గ్లాసులు కడగడం ఆపింది. "తమ్ముడూ, పోయినేడు మా పిల్ల పరుగు ఫోటో నువ్వేగా తీసింది?"

"...నేనే అక్కా."

"అందులో మా పిల్లా, పక్క స్కూలు పిల్లా కలిసి ఒకే మనిషయ్యారు. నాలుగు కాళ్ళు, మొహం లేదు. ఎవరు గెలిచారో తేలక పందెమే రద్దు చేశారు, సీటు పోయింది. ఆరోజు ఏం పెట్టావేంటి?"

నాకు అబద్ధం తట్టలేదు. నా జీవితంలో అదొక్కటే అద్భుతం.

"‘ఎ’ పెట్టానక్కా. వెనకున్న అతిథులందరూ స్పష్టంగా పడాలని కన్ను చిన్నది చేశాను. వెలుతురు చాలక షట్టర్ నింపాదిగా తెరుచుకుని నింపాదిగా మూసుకుంది. పిల్లలు దానికోసం ఆగలేదు."

"అతిథులు బాగా వచ్చారులే," అన్నాడు బావ. "కుర్చీల మేకులు కూడా కనపడ్డాయి."

మాస్టారు నవ్వలేదు. నా కెమెరా అందుకుని చక్రం ‘ఎస్’కి తిప్పి, వెయ్యోవంతు పెట్టి ఇచ్చారు. "రేపటికి ఇంకో కెమెరా దొరకలేదు, వచ్చి తగలడు. దీన్ని మాత్రం ముట్టుకున్నావో, చెయ్యి విరుస్తాను."

"మా పిల్ల మొహం కనపడాలి తమ్ముడూ," అంది అక్క, మెల్లగా.

మర్నాడు ముట్టుకోలేదు. ఫోటో అద్భుతంగా వచ్చింది. గీత మీది సుద్దపొడి, తెగని రిబ్బను, దాని మీద వాలబోతున్న ఈగ రెక్కలతో సహా పడ్డాయి. పిల్లలు మాత్రం ఇంకా రాలేదు. అక్క కూతురు ఆరడుగుల తేడాతో గెలిచింది, ఫోటోతో పనిపడలేదు, అందుకే నాకింకా టీ పోస్తున్నారు.

‘ఎ’ ఎందుకో, ‘ఎస్’ ఎందుకో ఇప్పుడు తెలుసు. ఎప్పుడు నొక్కాలో ఇంకా నేర్చుకోలేదు.