రైటరు గారింట్లో అరిచింది నేనే

నా పేరు చిలకమ్మ. భర్త అప్పలసూరి, పోర్టులో కళాసీ, చనిపోయారు. వయసు ముప్పై ఎనిమిది. టైలర్ల దగ్గర చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుడతాను. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, రచయిత గురునాథరావు గారి పక్కవాటాలో ఉంటాను. 1979 మార్చిలో, ఈ రోజు, ఎస్సై గారి ముందు ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

నిన్న సాయంత్రం ఆయన ఇంట్లో అరిచిన ఆడమనిషిని నేనే. ఆయన భార్యను చంపలేదు. కనకరత్నం గారు పురిటికి ఆనందపురం పుట్టింటికి వెళ్ళారు. మనిషిని పంపి చూసుకోండి.

గురునాథరావు గారు వారపత్రికలో దెయ్యాల సీరియళ్ళు, హత్యల సీరియళ్ళు రాస్తారు. మా వీధంతా చదివించుకుని వింటుంది. కథలో ఎవరైనా హడలి చచ్చే చోట, ఆ కేక చెవితో వింటేగాని ఆయన కలం కదలదు. ఎప్పుడూ కనకరత్నం గారే అరిచిపెడతారు. ఆవిడ లేరని నన్ను అడిగారు. "ఏటి బాబూ, నాను సావుకేక ఎయ్యాలా?" అని నవ్వాను. వీధిలో లారీల మోత ఎక్కువని తలుపు వేశారు. మొగుడు పోయిన ఆడది పరాయి మగాడింట్లో తలుపేసుకుందని రేపు ఊరంతా అంటుంది. అననివ్వండి. ఆయన ప్రాణం కంటే నా పరువు ఎక్కువా?

మొదట రెండుసార్లు అరిచాను. "చిలకమ్మా, పిల్లిని తోలినట్టుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు ఆయన రాసింది చదివారు. ఒకావిడ తలుపు తీస్తుంది. గుమ్మంలో ఎవరూ ఉండరు. భర్త చెప్పులు మాత్రం ఉంటాయి, తడిగా.

బాబూ, మా ఆయన ఓడ మీంచి పడిపోయిన రోజు, శవం కంటే ముందు ఇంటికొచ్చింది చెప్పులే. తడిసిన చెప్పులు. ఎవరో గుమ్మంలో పెట్టి, మొహం చూపించలేక వెళ్ళిపోయారు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఈయనకెలా తెలిసింది? ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, మొండిగుండె దాన్నన్నారు. నిన్న ఆ చెప్పుల దగ్గరికొచ్చేసరికి లోపల్నుంచి కేక వచ్చేసింది. నేనే అరిచానా అని నాకే భయం వేసింది. బయట కిళ్ళీకొట్టు అర్జునరావు, "ఓలమ్మో! రైటరు పెళ్ళాన్ని సంపేత్తన్నాడ్రా!" అంటూ మీ స్టేషనుకి పరుగెత్తాడు. మీవాళ్ళొచ్చేసరికి నేను పరువుకి భయపడి నా వాటాలోకి వెళ్ళిపోయాను, ఆయన్ని పట్టుకెళ్ళిపోయారు.

ఎస్సై గారు నన్ను నమ్మలేదు. "ఏదీ, ఇక్కడ ఓ కేక వెయ్యి" అన్నారు. అడిగితే వచ్చేది కాదండి, ఆయన చదవాలి అన్నాను. లాకప్పులోంచి గురునాథరావు గారిని తీసుకొచ్చారు. పెదవి వాచిపోయి ఉంది. ఆ వాచిన పెదవితోనే ఆ కథ చదివారు. చెప్పుల దగ్గర నాకు మళ్ళీ కేక వచ్చింది. రోడ్డు మీద రిక్షాలు ఆగిపోయాయి. హెడ్డు కానిస్టేబులు గారు గోడకి అతుక్కుపోయారు. ఎస్సై గారు ఆయనకు కుర్చీ వేయించారు. ఆయన కూర్చోలేదు. "సార్, ఒక్కసారి కలం ఇప్పించండి" అన్నారు. ఇక్కడ కూడా రాతేనా బాబూ అని నేను ఆయనకి దండం పెట్టాను.

నేను చెప్పింది హెడ్డు గారు రాసుకుని నాకు చదివి వినిపించారు. నేను నటించానని ఒకచోట రాశారు. ఆ మాట కొట్టేయించాను. మిగిలిందంతా నిజం, ఆ అరుపుతో సహా.

(చిలకమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర)