వెనక లైట్లు

చెల్లెలి వంటగది. అన్న స్టూలు మీద, చెల్లెలు పొయ్యి దగ్గర.

"ముందు ఆ తలుపెయ్. బావ వింటాడు."

"ఆయన లేరు. గోడౌనుకి వెళ్లారు, బస్తాలు మొయ్యడానికి. చెప్పన్నయ్యా, వకీలు ఏమన్నాడు?"

"వాడి మొహం! తాగి నడిపానని కోర్టులో ఒప్పుకోమంటాడు. జరిమానా కట్టి, దణ్ణం పెట్టి వచ్చెయ్యమంటాడు."

"మంచి మాటే కదా."

"లైసెన్సు పోతుందే! లైసెన్సు పోతే ఉద్యోగం ఊడుతుంది. బస్సు డిపోలో ఎవరికైనా అదే రూలు."

"తెలుసు. పోయినేడు మా ఆయనకి ఆ రూలు చదివి వినిపించింది సూపర్‌వైజరు గారేగా. అంటే నువ్వే."

"అబ్బా, మళ్లీ అదేనా? అయిపోయిందిగా!"

"ఎవరికి అయిపోయింది?"

"నేనేమన్నా బతిమాలానా? పోలీసులొచ్చేలోపు బావే నా డ్రైవింగు సీట్లోకి మారాడు."

"బతిమాలలేదు, కాళ్లు పట్టుకున్నావు. తాగి నీ కారుతో పాలబండిని గుద్దింది నువ్వు. చుక్క ముట్టని మనిషి, బావమరిది కదా అని నెత్తినేసుకున్నాడు. నెల తిరక్కుండా మళ్లీ స్టీరింగు పట్టిస్తానన్నావు. ఏదీ?"

"చూద్దాం, చూద్దాం. ముందు నా పని విను. నేను తాగింది దగ్గుమందని చెప్తా. బావే ఇచ్చాడని ఆయన ఒక్క ముక్క సాక్ష్యం చెప్తే..."

"సీసాలకి సీసాలు దగ్గుమందా?"

"నవ్వకు! ఇక్కడ నా కొంప మునుగుతుంటే..."

"నవ్వట్లేదు. కూర మాడుతోందేమోనని చూస్తున్నా."

"అసలు దొరికేవాణ్ణే కాదే. క్లబ్బు గేటు బయటే పోలీసులు. నా ముందు పోయిన బళ్లన్నీ వదిలేశారు. నన్నే ఆపారు. ఎందుకో తెలుసా? వెనక లైట్లు వెలగట్లేదట. రెండూ!"

"బల్బులు మాడాయేమో."

"మాడటమా! అసలు బల్బుల్లేవు! ఎవడో పీకేశాడు. ఆ క్లబ్బు వాచ్‌మన్ ముసలాడి మీదే నా అనుమానం."

"పాపం, ఆయన జోలికి పోకు."

"ఎవరైనా సరే. పీకిన చెయ్యి విరగ్గొడతా. ఒట్టు!"

"మా ఆయన బస్సు రాత్రి ఈ సందు చివరే పెట్టేవారు, గుర్తుందా? తెల్లారి తీసే ముందు నన్ను వెనక నిలబెట్టేవారు. 'వెలిగిందా?' అంటే 'వెలిగింది' అని అరిచేదాన్ని. వెలక్కపోతే నాచేతే మార్పించేవారు. వెనక లైటు లేని బండిని ఎవడైనా ఆపుతాడే, అనేవారు."

"ఇప్పుడా పురాణం ఎందుకు?"

"నిన్న క్లబ్బుకి పోతూ ఇక్కడ ఆగావు. టీ తాగుతూ క్రికెట్ చూశావు. కారు తాళాలు బల్ల మీద పడేశావు."

"అయితే?"

"నీ పక్కనున్న చక్కెర డబ్బా మూత తియ్యి."

"ఇవి... ఇవి నా..."

"రెండూ ఉన్నాయి. ఒక్కటీ మాడలేదు."

"నువ్వా? తోడబుట్టిన దానివి... నువ్వా?"

"నేనే. ఏడాదిగా నా కడుపు మండుతూనే ఉంది. బస్తాలు మోసి ఆయన భుజం మీద కాసిన కాయలు చూసినప్పుడల్లా మండింది. నిన్న రాత్రి మొదటిసారి హాయిగా నిద్రపోయా."

"ఒసేయ్..."

"వకీలు చెప్పినట్టే చెయ్యి. ఒప్పుకో. పాలబండి సంగతి కూడా కలిపి ఒప్పుకో. ఇక ఒట్టు మాటంటావా... ఇదిగో అన్నయ్యా, ఈ చెయ్యే. విరగ్గొట్టు."