నరసింహులు పెట్టిన సాక సీసాలు

“ఏది జరిగినా సంఘమే జవాబు చెప్తది నరసింహులూ, నీ పేరు బయటికి రానియ్యం.” ఈ మాట నేను నా చెవులతోని విన్న బిడ్డా. ఇదే హానోవర్‌ల, పద్నాలుగేండ్ల కింద, రవీంద్రనాథ్ సారు ఇంట్ల, సోఫా మీద కూసోని ఆయన అంటుంటె విన్న. కూసో, జాకెట్ తీసి కూసో. నువ్వేమో దుకాణంల జ్యూస్‌తోని సాక ఎట్ల చేస్తరు కనకయ్య అంకుల్ అని అడగనీకొచ్చినవు. సంఘానికి కొత్త సెక్రెటరీవి, బోనాలు ముందట పడ్డయి, అమ్మవారి ముందర ధార పోయనీకి కల్లు ఈ దేశంల దొరకదు, పాపం నువ్వు మాత్రం ఏం చేస్తవు. చెప్త. చెప్త గని శ్రీచరణ్, ఆ పని ఈ ఊర్లె మొదలు చేసినోని ముచ్చట ఇనకుంట నిన్ను సీసా ముట్టనియ్య. చాయ్‌ల చక్కెర వేసుకుంటవా? వేసుకో, అది నీ ఇష్టం.

నరసింహులుది సిద్దిపేట పక్క పల్లె. మాస్టర్స్ చదవనీకి వచ్చిండు. సన్నగ, పొడుగ్గ ఉండేటోడు, భుజానికి ఎప్పుడూ ఒక సంచి, ఆ సంచిల లాప్‌టాప్ కంటె పుస్తకాల బరువే ఎక్కువ. పార్సెళ్ల గోదాంల పని చేస్తుండె. వాడు నోరు తెరిస్తె మీటింగ్ మొదలైనట్టే ఉంటుండె. ఒకసారి ఎవరిదో పిల్లగాని బర్త్‌డే. కేక్ కోసిన్రు, బిర్యాని తిన్నరు, ఆడోళ్లంత సింక్ కాడ నిలబడ్డరు. వీడు లేచి, “అన్నలారా, తినేటి చేతులు వేరే, తోమేటి చేతులు వేరేనా? శ్రమ ఎవరిది, ఫలం ఎవరిది?” అన్నడు. మొగోళ్లంత ఫోన్లు చూసుకున్నరు. వాడు మాత్రం చొక్కా చేతులు మడిచి గిన్నెలన్ని కడిగిండు. గందుకే మా శ్యామలాదేవికి వాడంటె పానం. “మాటలు ఎక్కడివో గని, చేతులు వానివే” అంటుండె మా ఇంటిది. ఏం చెప్తున్న? ఆ, సాక.

సంఘం పెట్టి మొదటి ఏడు, మొదటి బోనాలు. రవీంద్రనాథ్ సారు ప్రెసిడెంట్. సాక సంగతి వచ్చినప్పుడు ఎవరో ద్రాక్ష జ్యూస్ డబ్బా కొని అట్లనే పోద్దామన్నరు. నరసింహులుకు కోపమొచ్చింది. “మా అవ్వ గౌడు తాత దించిన కల్లు లొట్టిలకెళ్లి పోసేది. పులవనిది సాక ఎట్లయితది? అమ్మవారికి గూడ పాకెట్ సరుకేనా?” అన్నడు. మరి నువ్వే చెయ్యి అన్నరు. వాడు ఆగిండు. ఎందుకాగిండంటె, హాలు మనది కాదు, కిరాయిది, బయటి తాగుడు తేవద్దని కాయితం మీద రాసి ఉంది. వీనికేమో వచ్చే నెల వీసా ఆఫీసుల టెర్మిన్, అదే పొడిగించే అపాయింట్‌మెంట్ ఉండె. ఏదన్న అయితె ముందుగాల తెగేది చదువుకునే పిల్లగాడే గదా. గప్పుడు సారు, నీకు మొదలు చెప్పిన ఆ మాట అన్నడు. ఇంకా ఏమన్నడు తెలుసా, గొంతు జర లావు చేసి, “ఒకరి కష్టం అందరి కష్టం, ఐక్యతే మన సంఘం”. నరసింహులు మొఖం ఎలిగిపోయింది. గసొంటి మాట ఎవరన్న అంటె వాడు నమ్ముతడు బిడ్డా. ఆ మాటలు అనేటోళ్లు ఉత్తగ గూడ అంటరని వాని పుస్తకాలల్ల రాసిలేదేమో.

మా కెల్లర్‌లనే, ఇంటి కింది అరలనే పెట్టినం. రాసుకో, నువ్వు వచ్చింది దీనికే గదా. గాజు సీసల అమ్మే తెల్ల ద్రాక్ష రసం తేవాలె, వంద శాతం రసం, చెడిపోకుంట మందు కలిపింది అయితె పులవదు, చీటీ చదివి కొను. సీసకు ఒక గ్లాసు తీసి తాగు, నురగకు జాగ వదలాలె. హేఫె, అదే రొట్టెల ఈస్ట్, ఫ్రిజ్ అరల చిన్న ముద్ద అమ్ముతరు చూడు, అది శనగగింజంత గోరువెచ్చటి నీళ్లల్ల కలిపి పొయ్యి. చక్కెర వద్దు, రసంల ఉన్నది చాలు. సీస మూతికి బెలూన్ తొడిగి, సూదితోని ఒక్క పోటు పొడువు. నాలుగైదు దినాలకు కల్లు లెక్క తెల్లగ, పుల్లగ, చురుక్కుమని తయారైతది. వైన్ కావాలంటె మూడు వారాలు ఆగాలె, సాకకు గంత అక్కర లేదు. పన్నెండు సీసాలు, పన్నెండు బెలూన్లు. తెల్లారి పోయి చూస్తె రంగురంగుల బుడగలన్ని లేచి నిలబడ్డయి. నరసింహులు దినాం షిఫ్ట్‌కు పోతపోత వచ్చి సీసకు చెవి పెట్టేటోడు. “వినపడుతుందా కాకా? లోపల ఈ ఈస్ట్ కూలీలు, మీద ఎవ్వడు నిలబడి బెదిరియ్యకున్న పని చేస్తున్నరు” అని నవ్వేటోడు. ఆ నవ్వు ఇంక చూడలె నేను.

ఆదివారం వాడు పొద్దున్నే హాలు ఊడ్వనీకి ట్రామ్‌ల పోయిండు. పోయేముందు బెలూన్లు తీసి, మూతలు ఉత్తగ మీద పెట్టి, నాకూ, సీసాలు తీస్కపోనీకి బండి తెచ్చిన సారుకూ ఇద్దరికీ చెప్పిండు. మూతలు తిప్పొద్దు, సీసాలు పండవెట్టొద్దు, లోపల ఇంకా గాలి పుడుతుంది అన్నడు. వాడు మలుపు తిరిగిండో లేదో సారు కొత్త బండి డిక్కీ తెరిచి ముక్కు మూసుకున్నడు. కొత్త సీట్లు కనకయ్యా, వాసన పడితె మా ఆవిడ రాజ్యశ్రీ వారం దినాలు బండి ఎక్కదు అన్నడు. దస్తీ తీసి, ఒక్కొక్క మూత గట్టిగ తిప్పిండు. పన్నెండు. నేను సీసాల కేసు పట్టుకున్న, అవి కదలకుంట. “బిగియ్యొద్దన్నడు సార్” అన్న, ఒక్కసారే అన్న. అరగంటల ఏమైతదయ్యా అన్నడు. నేను కేసు ఎత్తి డిక్కీల పెట్టిన. జులై ఎండ. హైవే మీద యాక్సిడెంట్ అయ్యి బండ్లన్నీ ఆగిపోయినయి. అరగంట తొవ్వ రెండు గంటలు పట్టింది. మేము ఏసీల కూసున్నం, సీసాలు డిక్కీల ఉడుకుతున్నయి.

హాలు ముందర బండి ఆపంగనే అక్షయ ఉరికొచ్చింది. ఇరవై రెండేండ్ల పిల్ల, పట్టుచీర, బోనం ఎత్తుకునేది తనే. నేను తీస్త అంకుల్ అని డిక్కీ ఎత్తి ఒక సీస పట్టుకున్నది. తుపాకి పేలినట్టు చప్పుడైంది. ఇంక రెండు పేలినయి. గాజు పెంకు కంటి కింద దిగింది. చీర మీద రసమేదో నెత్తురేదో తెల్వలె. కన్ను దక్కింది, చూపు సగమే దక్కింది.

అంబులెన్స్ వచ్చింది, ఎనక పోలీసులు వచ్చిన్రు. ఇది ఎవరిది అని అడిగిన్రు. సారు నీళ్లు తాగినంత అలకగ జర్మన్‌ల చెప్పిండు, ఆ అబ్బాయి ఇంట్ల చేసిండు, మాకేం తెల్వదు. నరసింహులు అక్షయ తలకాయ ఒళ్లె పెట్టుకోని కింద కూసున్నడు. ఆ మాట విని సారు దిక్కు చూడలె. నా దిక్కు చూసిండు. కేసు పట్టుకున్నోడు గూడ చెప్తడని చూసిండు.

నేను చెప్పలె.

వాని మీద పోలీసు కేసు పడ్డది. అది తెగేదాక వీసా మూడు నెలలకొకసారి చిన్న కాయితం మీద నడిచింది. ఉద్యోగమిస్తమన్న కంపెనీ ఆ కాయితం చూసి వద్దన్నది. వాడు మా ఇంటికొచ్చి, “కాకా, మూతలు ఎవరు తిప్పిన్రో రాసియ్యి. ఒక్క కాయితం” అన్నడు. నేను అప్పుడు ఆఫీసుల సారు కింద, ఆయన టీంలనే పని చేస్తున్న. యాభై ఒక్కేండ్లకు కొత్త దేశం వచ్చినోన్ని, ఇంక రెండు నెలలకు పర్మనెంట్ కాయితం రావాలె. చూద్దాం బిడ్డా అన్న. మళ్ల వచ్చిండు, మళ్ల చూద్దామన్న. మూడోసారి వానల వచ్చి కింద బెల్ కొట్టిండు. మా ఇంటిది కిటికీలకెళ్లి చూసి, తడుస్తున్నడయ్యా అన్నది. లేనని చెప్పు అన్న. ఆమె చెప్పలె. బెల్ అదే కొట్టికొట్టి ఆగిపోయింది. చదువు ఒడువక ముందే ఈ దేశం ఇడిసి పోయిండు. మస్కట్‌ల ఏదో గోదాంల చేరిండట, నాలుగేండ్లకు గుండె ఆగి పోయిండు. ముప్పై నిండినయో లేదో.

ఇప్పుడెందుకు అంకుల్ అంటవా? సారు పెద్దాయన అయిండు అంటవా? నేను గూడ అయిన. ఎందుకో చెప్త విను. వాని అక్క బిడ్డ గీతికకు ఈ దేశంలనే ఇల్మెనౌ యూనివర్సిటీల సీటొచ్చింది, అక్టోబర్‌ల వస్తది. రాకముందు ఈడ తెలుగోళ్లు ఎవరున్నరని మీ సంఘం వెబ్‌సైట్ తెరిచింది. మొదటి ఏడాది తీర్మానం అట్లనే ఉంది గదా దాంట్ల: ‘నిర్లక్ష్యంగా మత్తుపానీయం తయారుచేసి సభ్యురాలి గాయానికి కారకుడైన నరసింహులును బహిష్కరించడమైనది.’ కింద సంతకాలల్ల నాది గూడ ఉంది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, మా మామ తాగుబోతా తాతా అని అడిగింది. ఆ పిల్ల ఈడ అడుగు పెట్టి, నేను ఫలానోళ్ల బిడ్డను అని చెప్పుకోనీకి సిగ్గుపడాల్నా? మీరేమో ఈసారి పదిహేనో బోనాలకు సారుకు శాలువ కప్పుతమని కార్డులు వేయించిన్రు.

పోయిన నెల కొలోన్ పోయి అక్షయకు అంత చెప్పిన. “ఇన్నేండ్లు నేను కోపం పెట్టుకున్నది తప్పు మనిషి మీదనా అంకుల్?” అన్నది. అయినా చాయ్ పోసింది నాకు. తాగబుద్ధి కాలె.

ఇగో, ఇది తీసుకో. రెండు పేజీలు, నా చేతిరాత, కింద నా సంతకం. మూతలు తిప్పినోని పేరు, కేసు పట్టుకున్నోని పేరు, రెండూ ఉన్నయి. ఆ తీర్మానం తీసెయ్యాలె. దాని జాగల ఇది పెట్టాలె. బోనాల నాడు మైక్‌ల, సారు ముందర కూసున్నప్పుడు, చదవాలె. నన్ను సంఘంలకెళ్లి తీసేస్తే తీసెయ్యున్రి, నేనేమనను. కమిటీల మాట్లాడి చూస్తమని మాత్రం అనకు బిడ్డా, చూద్దామనేటి మాట నేను శాన వాడిన. అవునో కాదో కమిటీ అంత సంతకం పెట్టి ఇయ్యాలె. జూన్ ముప్పై, మంగళారం, సాయంత్రం ఐదింటి లోపల.